శంఖు చక్రాలు, నాలుగున్నర వేలు

మా తమ్ముడు ఫోన్ చేస్తే ముందు "తిన్నావా అక్కా" అంటాడు. రాత్రి పదకొండింటికి చేసినా అదే మాట. మొన్న మార్చిలో మాత్రం నేను ఎత్తగానే, "అక్కా, చిన్నికి లెక్కలు రావంట" అన్నాడు.

"ఎవరన్నారు?"

"రిపోర్టు వచ్చింది."

మా ఇళ్ళలో రిపోర్టంటే షుగరో థైరాయిడో. లెక్కలకి రిపోర్టేమిటో అర్థం కాలేదు. ఐదు నిమిషాల్లో వాట్సాప్‌లో పీడీఎఫ్ వచ్చింది. నలభై రెండు పేజీలు. అట్ట మీద మెదడు బొమ్మ, దాన్నిండా రంగురంగుల గీతలు, పక్కన ఓ బొటనవేలి ముద్ర. దీన్ని డీఎంఐటీ అంటారు. పిల్లల పది వేళ్ళూ స్కానర్ మీద పెట్టించుకుని, ఆ గీతల్ని బట్టి ఎవరికి ఏ తెలివి ఎంత ఉందో, ఏ కోర్సులో చేరాలో, ఏ ఉద్యోగం పనికొస్తుందో చెబుతారు. తమ్ముడి కూతురు చిన్ని చదివే స్కూల్లోనే క్యాంపు పెట్టారట. మనిషికి నాలుగున్నర వేలు.

పదమూడో పేజీలో ఉంది అసలు సంగతి. సంగీతం 14.12 శాతం. భాష 13.40. తర్కం, గణితం 9.87. కింద ఎర్ర అక్షరాల్లో, ఎంపీసీ కంటే ఆర్ట్స్, మీడియా రంగాలు అనుకూలమని సలహా. చిన్నికి టెన్త్ పరీక్షలు ఇంకో పది రోజులున్నాయి. అది ఏడో తరగతి నుంచీ ఎంపీసీ అనే అంటోంది.

తమ్ముణ్ణి కంగారు పెట్టింది ఆ 9.87. లెక్కల్లో కాస్త వెనకబడింది అని మామూలు మాటల్లో రాసి ఉంటే "మీకెలా తెలుసండీ" అని అడిగి ఉండేవాడు. చుక్క తర్వాత రెండు అంకెలు కనబడేసరికి ఇక నోరెత్తలేదు.

నేను ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే సైకాలజీ చేశాను. రాజమండ్రిలో స్కూలు కౌన్సెలర్‌గా పంతొమ్మిదేళ్ళు. ఇలాంటప్పుడు ఇంటిల్లిపాదీ నావైపు చూస్తారు. చూసి, నేను చెప్పింది మాత్రం వినరు.

ఆ పీడీఎఫ్ తిరగేస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఎవరింట్లో పురుడొచ్చినా ఆవిడ పిల్లని ఒళ్ళోకి తీసుకుని, ముడుచుకున్న గుప్పిట మెల్లగా విప్పి, వేళ్ళ చివర్లు వెలుతురుకి తిప్పి లెక్కపెట్టేది. గుండ్రంగా సుడి తిరిగితే చక్రం, ఒక పక్కకి జారితే శంఖం. నాకు ఆరు చక్రాలున్నాయి కాబట్టి ఊళ్ళేలతానని చెప్పిందట. ప్రస్తుతం రెండు కుర్చీలు, ఒక ఫ్యాను ఉన్న గదిని ఏలుతున్నాను. నాయనమ్మ చూసినవీ స్కానర్ చూసినవీ అవే సుళ్ళు. తేడా అల్లా, ఆవిడ తాంబూలం కూడా పుచ్చుకోలేదు.

అలాగని వేలిముద్రల మీద శాస్త్రమే లేదని కాదు. అక్కడే చాలామంది పొరబడతారు. వేళ్ళ మీది గీతలు తల్లి కడుపులో సుమారు పదో వారంలో మొదలై, పదిహేడో వారం వచ్చేసరికి వాటి ఆకారం స్థిరపడిపోతుంది. ఆ తర్వాత జీవితాంతం మారవు. అచ్చు గుద్దినట్టుండే కవలలకి కూడా ఒకేలా ఉండవు. ఈ గీతల అధ్యయనానికి డెర్మటోగ్లిఫిక్స్ అని 1926లో పేరు పెట్టింది హెరాల్డ్ కమిన్స్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల అరచేతుల్లో కొన్ని ప్రత్యేకమైన గీతలు ఎక్కువగా కనిపిస్తాయని ఆయన చూపించాడు. అది నిజం, ఇప్పటికీ నిలబడిన నిజం.

ఇక హోవార్డ్ గార్డ్‌నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు. తెలివి అనేది ఒకటి కాదు, ఏడు రకాలని 1983లో ఒక సిద్ధాంతం చెప్పాడు, తర్వాత ఎనిమిదోది కలిపాడు. టీచర్లకి అది ఎంతో నచ్చింది. తెలివిని కొలిచే పరిశోధకులకి అంతగా నచ్చలేదు, ఎందుకంటే పరీక్షలు పెట్టి చూస్తే ఈ సామర్థ్యాలు వేటికవి విడిగా ఉండవు, ఒకదాంట్లో బాగా చేసినవాళ్ళు తక్కిన వాటిలోనూ బాగానే చేస్తుంటారు. ఏదేమైనా గార్డ్‌నర్ సిద్ధాంతంలో వేలిముద్రల ఊసే లేదు. డీఎంఐటీ వాళ్ళు చేసిందల్లా కమిన్స్‌ని ఓ పక్క, గార్డ్‌నర్‌ని ఓ పక్క నిలబెట్టి మధ్యలో పెళ్ళి చేసేయడం. ఫలానా వేలు మెదడులో ఫలానా భాగానిది, ఆ వేలి మీద గీతలు ఎన్నుంటే ఆ తెలివి అంత. మధ్యలో వేసిన ఈ వంతెనకి ఆధారం ఎక్కడుంది? లేదు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఈ పరీక్షకి శాస్త్రీయ ఆధారం లేదని తేల్చి చెప్పింది. ఆ మాట తమ్ముడికి చెబితే, "వాళ్ళు డాక్టర్లు కదక్కా, వాళ్ళ ప్రాక్టీసు పోతుందని అలాగే అంటారు" అన్నాడు.

సరే, పెద్దవాళ్ళ పేర్లు చెప్పి లాభం లేదనుకున్నాను. నిజానికి పేర్లు చెప్పి ఒప్పించడం నాకూ ఇష్టం లేదు. క్యాంపు పెట్టినాయన చేసింది కూడా అదేగా, కోటు వేసుకుని "విదేశాల్లో పేటెంట్ ఉందండీ" అనడం.

మూడేళ్ళ క్రితం సంక్రాంతికి నేను చేసిన ఒక పని వాడికి గుర్తు చేశాను. పండక్కి మా ఊళ్ళో అందరం చేరాం. భోగి నాడు పదకొండు మంది చేత తెల్లకాగితం మీద సంతకాలు పెట్టించుకుని, చేతిరాతని బట్టి స్వభావం చెబుతానన్నాను. కనుమ నాడు ఎవరి కవరు వాళ్ళకిచ్చి, చదివాక ఐదుకి ఎన్ని మార్కులు వేస్తారో రాయమన్నాను. తొమ్మిది మంది నాలుగో ఐదో వేశారు. మా పెదనాన్న కళ్ళజోడు తీసి, "ఇవన్నీ నీకెవరు చెప్పారే?" అని అనుమానంగా చూశాడు. చిన్న మేనత్త "నలుగురికీ చేస్తావు, నీకు పేరు రాదు" దగ్గర ఆగిపోయి కొంగుతో కళ్ళొత్తుకుంది. పదకొండు కవర్లలోనూ ఒకటే కాగితం. సగం వాక్యాలు సోది చెప్పేవాళ్ళ దగ్గరా చిలక జోస్యం దగ్గరా విన్నవే: చేతికి డబ్బొస్తుంది గానీ నిలవదు, పైకి గట్టిగా కనబడతావు గానీ లోపల దిగులు పడతావు. మా ఆయన ఒక్కడే రెండు మార్కులు వేసి, "ఇది ఎవరికైనా సరిపోతుంది కదా" అని పక్కన రాశారు. ఆయన ఎల్‌ఐసీలో పనిచేశారు, ఫారాలు నింపించడం అలవాటు.

ఇది నా బుర్రలో పుట్టింది కాదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే అమెరికన్ సైకాలజిస్టు తన క్లాసులో 39 మంది విద్యార్థులకి ఒక స్వభావ పరీక్ష పెట్టి, వారం తర్వాత అందరికీ ఒకే వర్ణన ఇచ్చాడు. దాన్ని ఫుట్‌పాత్ దుకాణంలో కొన్న జ్యోతిషం పుస్తకం నుంచి ఏరాడు. ఐదుకి సగటున 4.26 మార్కులు వేశారు. అంటే ఒక వర్ణన మనకి సరిపోయినట్టు అనిపించడానికీ, అది మన గురించే కావడానికీ సంబంధం లేదు. చిన్ని రిపోర్టులో నలభై రెండు పేజీల్లో ముప్పై పేజీలు ఇలాంటివే. "ప్రోత్సాహం లభిస్తే రాణిస్తుంది." ప్రోత్సాహం లభిస్తే రాణించని పిల్లని నేను పంతొమ్మిదేళ్ళలో చూడలేదు.

నా సంక్రాంతి ప్రయోగం కూడా ఏమంత నికార్సైనది కాదని చెప్పాలి. కవర్లు నేనే ఇచ్చాను, మార్కులు వేస్తుంటే నేనే పక్కన నిలబడ్డాను. ఇంటి ఆడపిల్ల నవ్వుతూ చూస్తుంటే ఎవరు ఒక్క మార్కు వేస్తారు? బెర్లిన్‌లో లెక్కలు చేసిన గుర్రం కథ ఇదే. ఫాన్ ఓస్టెన్ అనే రిటైరైన టీచరు హాన్స్ అనే గుర్రానికి కూడికలు నేర్పాడు, జవాబెంతైతే అన్నిసార్లు అది గిట్టతో నేలని తట్టేది. 1904లో పెద్ద పెద్దవాళ్ళు కమిటీగా వచ్చి చూసి మోసమేమీ లేదన్నారు. నిజంగానే లేదు. తర్వాత ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే విద్యార్థి ఓపిగ్గా రకరకాలుగా పరీక్షించాడు. ప్రశ్న అడిగినవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియలేదు. కళ్ళకి గంతలు కట్టి, అడిగేవాడు కనబడకుండా చేస్తే తట్టుడు ఆగే చోటు తప్పిపోయింది. సరైన అంకె రాగానే అడిగేవాడి తల వెంట్రుకవాసి కదిలేది, గుర్రం చదివింది ఆ కదలికని. ఇంకో విశేషం, అది తెలిశాక కూడా ఫుంగ్‌స్ట్ తన తల కదలకుండా ఆపుకోలేకపోయాడట. నాకు ఈ శాస్త్రంలో అన్నిటికంటే నచ్చిన ముక్క ఇదే. మోసం చేసేవాళ్ళని పట్టుకోవడానికే కాదు, నన్ను నేను నమ్మకుండా ఉండటానికి కూడా అడ్డు తెరలు కావాలి. ఫాన్ ఓస్టెన్ మాత్రం ఒప్పుకోలేదు. గుర్రాన్ని వెంటేసుకుని ప్రదర్శనలిస్తూనే ఉన్నాడు.

ఇదంతా విని తమ్ముడు ఒక మాటన్నాడు. "మరి మీ సైకాలజీ మాత్రం ఏమంత గొప్పక్కా? పేపర్లో ఇవాళొకటి రాస్తారు, రేపు కాదంటారు."

గుచ్చుకుంది. ఎందుకంటే నా దగ్గర కూడా ఓ పాత ఖాతా ఉంది.

ఆరేళ్ళపాటు నేను టీచర్ల ట్రైనింగుల్లో ఒక స్లైడు చూపించాను. కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేతులతో చేసి. ఎవరి పద్ధతి ఏదో కనిపెట్టి వాళ్ళకి అలా చెప్పండి అని. చప్పట్లు కొట్టేవారు. టీలో సమోసాలు నంజుకుంటూ "మా అబ్బాయి విజువల్ మేడమ్" అనేవారు. హెరాల్డ్ పాష్లర్ అనే సైకాలజిస్టు, మరో ముగ్గురు కలిసి 2008లోనే దీన్ని కూలంకషంగా వెతికి ఒక సమీక్ష వేశారు. వాళ్ళడిగింది చిన్న ప్రశ్న. పిల్లల్ని విజువల్, ఆడిటరీ అని విడదీసి, రెండు గుంపుల్లోనూ సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో చీటీలు తీసి పాఠం చెప్పి, చివర అందరికీ ఒకటే పరీక్ష పెట్టండి. విజువల్ పిల్లలకి బొమ్మల్లో, ఆడిటరీ పిల్లలకి మాటల్లో ఎక్కువ మార్కులొస్తే నమ్మొచ్చు. అలా చేసిన అధ్యయనాలే అరుదు, చేసిన వాటిలో చాలావరకు సిద్ధాంతానికి ఎదురే వచ్చాయి. ఆ సమీక్ష నేను చదివేసరికి నా స్లైడు వయసు ఆరేళ్ళు.

పవర్ పోజు సంగతి ఇంకా సిగ్గుచేటు. కాళ్ళూ చేతులూ చాపుకుని దర్జాగా రెండు నిమిషాలు ఉంటే ఒంట్లో హార్మోన్లే మారిపోతాయని, ధైర్యం వస్తుందని 2010లో ఒక అధ్యయనం వచ్చింది. 42 మందితో చేశారు. నేను వక్తృత్వం పోటీలకి వెళ్ళే ఆడపిల్లలందరినీ నడుం మీద చేతులు పెట్టించి, కాళ్ళు ఎడంగా ఉంచి బాత్రూముల్లో నిలబెట్టించాను. వాళ్ళు నవ్వుకుంటూ నిలబడేవారు. 2015లో 200 మందితో మళ్ళీ చేసి చూస్తే హార్మోన్ల మార్పు కనబడలేదు. ధైర్యంగా అనిపించిందని చెప్పారంతే. ఆ మరుసటేడు మొదటి అధ్యయనం రాసిన ముగ్గురిలో మొదటి పేరున్న డేనా కార్నీ, ఈ పవర్ పోజు ప్రభావాలు నిజమని తాను నమ్మడం లేదని బహిరంగంగా రాసి పెట్టింది. మొదటి అధ్యయనంలో ఏ లొసుగులున్నాయో తనే వరసగా చెప్పింది.

ఆవిడ రాసింది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెబితే అబద్ధం. హాయిగా నిద్రపోయాను. ఇంకో ఏడాదిపాటు ఏమీ తెలియనట్టు ఆ పోజు పెట్టిస్తూనే ఉన్నాను, కార్యక్రమంలో ఆ ఐదు నిమిషాలు బాగా పండుతాయని. ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకత్తి "మేడమ్, ఇది పని చేయదని యూట్యూబ్‌లో చెప్పారు" అంది. అప్పుడు తీసేశాను.

తమ్ముడన్నది కూడా నిజమే మరి. 2015లోనే చాలామంది పరిశోధకులు ఒక జట్టుగా, సైకాలజీ పత్రికల్లో వచ్చిన వంద అధ్యయనాలని మళ్ళీ చేసి చూశారు. మొదటిసారి దాదాపు అన్నీ విజయవంతమైనవే. రెండోసారి 36 శాతమే నిలబడ్డాయి. ఇది చూసి సైకాలజీ అంతా బోగస్ అని నవ్వినవాళ్ళున్నారు. నాకు మాత్రం ఆ పని చేసిందెవరన్నది ముఖ్యం. సైకాలజీ వాళ్ళే, తమ పరువు తామే బజారున పెట్టుకుని చేశారు. నాలుగున్నర వేలు తీసుకున్నవాళ్ళు ఇప్పటిదాకా ఇచ్చిన రిపోర్టుల్లో ఓ వంద తీసి, ఆ పిల్లలు పదేళ్ళ తర్వాత ఏమయ్యారో చూసి, ఇన్ని తప్పాయని బయట పెట్టగలరా?

"ఒరేయ్, టైల్స్ లోడు దిగితే నువ్వేం చేస్తావు?" అనడిగాను. వాడికి కాకినాడలో టైల్స్, శానిటరీ సామాన్ల షాపు.

"పెట్టెకొకటి తీసి కొట్టి చూస్తాను. ఖంగుమనకపోతే వెనక్కి పంపిస్తాను."

"పెట్టె మీద ఫస్ట్ క్వాలిటీ అని రాసుంటుందిగా?"

"అది అందరూ రాస్తారక్కా."

కాసేపు ఫోన్లో ఏమీ మాట్లాడలేదు. నేను గెలిచాననుకున్నాను.

పరీక్షలయ్యాక చిన్ని మా ఇంటికొచ్చింది. రిపోర్టు గురించి నేనేమీ ఎత్తలేదు. అదే ఎత్తింది. "అత్తా, ఆ ఎనిమిది తెలివుల శాతాలూ కలిపితే వంద కదా. అంటే సగటు పన్నెండున్నర. ఒకటి పెరగాలంటే ఇంకోటి తగ్గాల్సిందే. ఎనిమిదింట్లోనూ ఫస్ట్ వచ్చేవాళ్ళకైనా ఏదో ఒకటి పదికి దిగొచ్చు. అది నాలోనే నాకు పోలిక, వేరే వాళ్ళతో కాదు. దాన్నిబట్టి నాకు లెక్కలు రావని ఎలా చెప్తారు?"

నలభై రెండు పేజీలు రెండుసార్లు చదివిన నాకు అది తట్టలేదు. లెక్కలు రావని నలభై రెండు పేజీలు రాయించుకున్న పిల్లకి తట్టింది.

తర్వాతి ఆలోచన కూడా దానిదే. ఆ క్యాంపులో పరీక్ష చేయించుకున్న స్నేహితులు నలుగురి పీడీఎఫ్‌లు అడిగి తెప్పించింది. తనదీ కలిపి ఐదు. పేర్లు, ఫోటోలు, ఆడా మగా తెలిసే మాటలు అన్నీ తీసేసి, ఒక్కోదాంట్లో స్వభావం రాసిన మూడు పేజీలు మాత్రం ప్రింటు తీయించింది. వెనకాల అంకెలు వేసింది, ఏ అంకె ఎవరిదో రాసిన చీటీ వాళ్ళ తమ్ముడి దగ్గర పెట్టి, వాణ్ణి ట్యూషన్‌కి పంపేసింది. నేను గదిలోకి రాకూడదంది. "నీ మొహం చూసి నాన్న కనిపెట్టేస్తాడు." గుర్రం కథ దానికి ఎప్పుడు చెప్పానో గుర్తు లేదు.

తమ్ముడూ మరదలూ అరగంట కూర్చుని చదివారు. తమ్ముడు మూడో నంబరు తీసి, "ఇది అచ్చం మా చిన్నే. మొండితనం, పాటలు, పొద్దున లేవకపోవడం, అన్నీ దీన్లోనే ఉన్నాయి" అన్నాడు. మరదలు ఐదో నంబరు అంది. చీటీ తెప్పించి చూస్తే చిన్నిది రెండోది. మూడోది దాని క్లాసులో ఫుట్‌బాల్ ఆడే కుర్రాడిది.

చిన్నే ముందు అంది, "ఊరికే వేసినా ఐదింట ఒకసారి సరిగ్గా తగులుతుంది నాన్నా, ఇద్దరే కాబట్టి దీన్నిబట్టి గట్టిగా చెప్పలేం, ఇంకో ఇరవై మంది పేరెంట్స్‌తో చేయాలి." తమ్ముడు ఆ కాగితాలు అటూ ఇటూ తిప్పి, "అంటే ఆ కుర్రాడు కూడా మా చిన్నిలాంటివాడే అయ్యుంటాడు" అన్నాడు.

నేను తలుపు బయట నిలబడి నవ్వాపుకోలేకపోయాను. తర్వాత తత్వవేత్తగా పేరు తెచ్చుకున్న కార్ల్ పాపర్ 1919లో వియన్నాలో ఇంకా కుర్రవాడు. అప్పట్లో పేరు మోసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ దగ్గరికి ఒక పిల్లాడి కేసు తీసుకెళ్ళాడు. అది ఆడ్లర్ సిద్ధాంతానికి ఒదగదని పాపర్ అనుకున్నాడు. ఆడ్లర్ ఆ పిల్లాణ్ణి చూడను కూడా చూడకుండా ఆత్మన్యూనత అని చకచకా వివరించేశాడు. అంత ఖాయంగా ఎలా చెబుతారంటే, ఇలాంటివి వెయ్యి చూసిన అనుభవం అన్నాడు. "ఇప్పుడు దీంతో మీ అనుభవం వెయ్యిన్నొకటి అయిందన్నమాట" అన్నాడట పాపర్. ఏం జరిగినా సరిపోయే సిద్ధాంతాన్ని తప్పని తేల్చే దారే లేదని, ఆ లోటునే జనం బలమనుకుంటారని ఆయన తర్వాత జీవితమంతా చెప్పాడు. నేను ఎమ్మేలో అది బట్టీ పట్టి పాసయ్యాను. మా తమ్ముడి నోట విన్నాక గానీ సరిగ్గా అర్థం కాలేదు.

చిన్ని ఎంపీసీలో చేరింది. అలిగి, రెండు పూటలు అన్నం మానేసి చేరింది, ప్రయోగం చేసి ఒప్పించి కాదు. మొదటి వీకెండ్ టెస్టులో లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయి. తమ్ముడు ఫోన్ చేసి, "చూశావా అక్కా, రిపోర్టు ముందే చెప్పింది" అన్నాడు. దసరాకి ముందు పెట్టిన టెస్టులో సెక్షన్‌లో మూడో స్థానం. "రిపోర్టులో పట్టుదల ఎక్కువని కూడా రాశారులే, ఇరవై ఆరో పేజీ" అన్నాడు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మరదలు చీర చూపిద్దామని బీరువా తెరిచింది. పట్టుచీరల మధ్య ఆ రిపోర్టు, స్పైరల్ బైండింగ్ చేయించి, పైన ప్లాస్టిక్ కవరుతో.

"ఇంకా దాచావా?" అన్నాను.

"నాలుగున్నర వేలు వదినా" అంది.